వెన్నుపాము దెబ్బ: ఏ వైద్యం ఏ చిక్కును ఆపుతుంది, ఏ చిక్కును తెస్తుంది

వెన్నుపాము దెబ్బతిన్న మనిషి ఇంట్లో మొదటి నెలంతా ఒకటే మాట నడుస్తుంది: "మళ్లీ నడుస్తాడా?" మేమూ అదే అడిగాం. మా తమ్ముడికి టి4 దగ్గర, అంటే ఛాతీ పై భాగంలో, దెబ్బ తగిలి తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో మేం తీసుకున్న నిర్ణయాల్లో నడకకు సంబంధించినవి రెండో మూడో. మిగతావన్నీ మూత్రం ఎలా బయటికి తీయాలి, పుండు పడకుండా ఎలా చూడాలి, బిగుసుకుపోయే కాళ్లకు మందు ఎంత వాడాలి లాంటివే. వాడిని మళ్లీ మళ్లీ ఆస్పత్రికి పంపిందీ, ఇంటి పట్టున హాయిగా ఉంచిందీ ఈ రెండో రకం నిర్ణయాలే.

అలాంటి నిర్ణయం దగ్గర ఎటూ తేల్చుకోలేక ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను డాక్టరును కాను, దగ్గరుండి చూసుకుంటున్న అన్నను. ఇక్కడ చదివినదాన్ని మీ డాక్టరు ముందు ప్రశ్నలుగా పెట్టండి. ఏ పద్ధతి గురించైనా నేను మూడు సంగతులు చూస్తాను: అది ఏ చిక్కును ఆపుతుంది, కొత్తగా ఏది తెచ్చిపెడుతుంది, సరిపడకపోతే వెనక్కి రావచ్చా. మూడోది చాలామంది అడగరు. నన్నడిగితే అదే ముందు అడగాలి.

## ముందు మీ పరిస్థితి తేల్చుకోండి

పక్క మంచం మనిషికి చేసిన వైద్యం మనకెందుకు చేయడం లేదో అర్థం కావాలంటే నాలుగు సంగతులు తెలియాలి.

దెబ్బ ఎక్కడ తగిలింది. ఊపిరి ఆడించే డయాఫ్రమ్‌కు నరాలు మెడలోని సి3, సి4, సి5 నుంచి వస్తాయి. అంతకన్నా పైన పూర్తిగా దెబ్బతింటే వెంటిలేటర్ కావాలి. టి6 (ఛాతీ మధ్య భాగం) దగ్గర గానీ, అంతకు పైన గానీ అయితే బీపీ ఒక్కసారిగా ఎగిసే ప్రమాదం ఎప్పటికీ ఉంటుంది. దాని గురించి కింద వివరంగా రాశాను. వెన్నుపాము చిట్టచివర దెబ్బ తగిలితే కాళ్లు, మూత్రాశయం బిగుసుకోవు, వదులైపోతాయి. వాళ్లకు బిగువు తగ్గించే మందులతో పని ఉండదు.

పూర్తిగా దెబ్బతిందా, కొంత మిగిలిందా. దెబ్బ తీవ్రతకు ఏషియా (ASIA) స్కేల్ అని ఎ నుంచి ఇ వరకు గ్రేడ్ ఇస్తారు. మలద్వారం దగ్గర స్పర్శ, బిగించే శక్తి రెండూ లేకపోతే ఎ. అక్కడ కాస్త స్పర్శ మిగిలినా అది మంచి సూచనే, అందుకే ఆ పరీక్షకు మొహమాటపడకండి. మొదటి రోజు ఇచ్చిన గ్రేడ్‌నే పట్టుకుని కుంగిపోవద్దు. మూడు రోజుల తర్వాత మళ్లీ చేసిన పరీక్ష ఎక్కువ నమ్మదగింది.

చేతులు ఎంతవరకు పనిచేస్తాయి. బాటిల్ మూత తీయగలడా, జిప్ లాగగలడా? ఏ పద్ధతి ఎంచుకోవాలో చాలాసార్లు దీన్నిబట్టే తేలుతుంది. చేతులు ఆడకపోతే పక్కన రోజూ ఎవరుంటారో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఎంత కాలమైంది. వచ్చే కదలికలో ఎక్కువ భాగం మొదటి ఆరు నుంచి తొమ్మిది నెలల్లో వస్తుంది. తర్వాతా వస్తుంది కానీ నెమ్మదిగా.

## మొదటి గంటలు: ఆపరేషనా, ఆగడమా, స్టెరాయిడా

ఇక్కడ మీకు ఆలోచించుకునే సమయం దొరకదు. అయినా ఏం అడగాలో తెలిసి ఉంటే మేలు.

విరిగిన ఎముక గానీ, జారిన డిస్క్ గానీ వెన్నుపామును నొక్కుతుంటే ఆ ఒత్తిడి తీసేసి, రాడ్లు, స్క్రూలతో వెన్నెముకను నిలబెడతారు. వీలైతే 24 గంటల లోపు చేయడం మంచిదని ఇప్పటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆపరేషన్ తెగిన వెన్నుపామును అతికించదు. మాకు "ఆపరేషన్ సక్సెస్" అని చెప్పినప్పుడు అమ్మ కాళ్ల వైపు చూసింది. సక్సెస్ అయింది ఎముక. ఈ తేడా థియేటర్‌లోకి తీసుకెళ్లకముందే ఇంట్లో వాళ్లకు చెప్పి ఉంటే ఆ రోజు అంత దెబ్బ తగిలేది కాదు. అలాగని ఎ గ్రేడ్ వాళ్లకు ఆపరేషన్ వృథా అనుకోకండి. వెన్నెముక గట్టిపడితే త్వరగా లేపి కూర్చోబెట్టవచ్చు. దాంతో పుండ్లు, న్యుమోనియా, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం తగ్గుతాయి.

ఆపరేషన్ లేకుండా బ్రేస్‌తోనో, మెడకు బరువు వేలాడదీసి సాగదీయడంతోనో నెట్టుకురావడం రెండో దారి. ఎముక కదలకుండా ఉండి, వెన్నుపాము మీద ఒత్తిడి లేనివాళ్లకు ఇది సరిపోతుంది. ఊపిరితిత్తులకో తలకో పెద్ద గాయమై మత్తు తట్టుకోలేని మనిషికైతే ముందు ప్రాణం నిలబెట్టి, తర్వాత ఆపరేషన్ చేస్తారు. వారాల తరబడి మంచం మీదే ఉంటే పైన చెప్పిన చిక్కులన్నీ మీద పడతాయి కాబట్టి ఈ దారిలో నర్సింగ్ చాలా బాగుండాలి.

స్టెరాయిడ్ గురించి డాక్టర్లలోనే రెండు మాటలున్నాయి. 1990లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం, దెబ్బ తగిలిన 8 గంటల లోపు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఎక్కువ డోసులో ఇస్తే లాభం ఉందంది. తర్వాత ఇన్ఫెక్షన్లు, కడుపులో రక్తస్రావం లాంటి ఇబ్బందులు బయటపడ్డాయి. 2013లో అమెరికా న్యూరోసర్జన్ల మార్గదర్శకాలు దాన్ని వాడొద్దన్నాయి. 2017లో ఇంకో నిపుణుల బృందం, 8 గంటల లోపు వచ్చినవాళ్లకు 24 గంటల పాటు ఇవ్వడాన్ని ఒక వీలుగా పెట్టుకోవచ్చంది. కాబట్టి మీ డాక్టరు ఇవ్వకపోతే నిర్లక్ష్యం అనుకోకండి, ఇస్తే తప్పు చేశారనీ అనుకోకండి. షుగర్ ఉన్నా, ఛాతీలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఆ మాట మీరే ముందు చెప్పండి.

ఐసీయూలో బీపీ పడిపోకుండా చూడటం, రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు ఇవ్వడం మాత్రం వద్దా కావాలా అని ఆలోచించే సంగతులు కావు. జరుగుతున్నాయో లేదో అడగండి చాలు.

## మూత్రం: అన్నిటికన్నా పెద్ద నిర్ణయం

ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను. ఒకప్పుడు వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు చాలావరకు చనిపోయింది కిడ్నీలు పాడై, పుండ్లకు చీము పట్టి. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్‌లో లుడ్విగ్ గుట్‌మన్ మొదలుపెట్టిన కేంద్రం ఈ రెండింటినీ పట్టుదలగా చూసుకుని ఆ కథ మార్చింది. 1972లో అమెరికా యూరాలజిస్టు జాక్ లాపిడెస్ మరో మాట చెప్పాడు: విడతల వారీగా పైపు (కాథెటర్) వేసి, మూత్రం తీసి, మళ్లీ పైపు తీసేయడానికి ఆపరేషన్ థియేటర్ అంత శుభ్రత అక్కర్లేదు, చేతులు కడుక్కుని శుభ్రమైన పైపు వాడితే చాలు, మూత్రాశయాన్ని మరీ నిండనివ్వకపోవడమే ముఖ్యం. మంచం మీద నుంచి బయటి ప్రపంచంలోకి వెళ్లే వీలు చాలామందికి ఆ మాటతోనే దొరికింది.

| పద్ధతి | ఎవరికి సరిపోతుంది | లాభం | తెచ్చే చిక్కు | వెనక్కి రావచ్చా |
|---|---|---|---|---|
| విడతల వారీ కాథెటర్ (రోజుకు 4 నుంచి 6 సార్లు) | చేతులు పనిచేసేవాళ్లు, లేదా పక్కన ఎప్పుడూ మనిషి ఉండేవాళ్లు | ఒంటికి పైపు ఉండదు, కిడ్నీలకు మేలు | టైమ్ తప్పితే లీకవుతుంది, మూత్రనాళం లోపల గీసుకుపోవచ్చు | ఎప్పుడైనా |
| లోపలే ఉంచే ఫోలీ కాథెటర్ | మొదటి రోజుల్లో అందరూ, తర్వాత వేరే దారి లేనివాళ్లు | సులువు, చేతులతో పనిలేదు | ఇన్ఫెక్షన్లు, రాళ్లు, మూత్రనాళం ఒరుసుకుని చీలడం | అవును, కానీ నాళానికి జరిగిన నష్టం పోదు |
| పొత్తికడుపు మీద రంధ్రం నుంచి పైపు (సుప్రాప్యూబిక్) | చేతులు ఆడనివాళ్లు, ఎక్కువ కాలం పైపు తప్పనివాళ్లు | మూత్రనాళం చీలదు, శుభ్రం చేయడం తేలిక | రాళ్లు, ఇన్ఫెక్షన్లు ఉంటాయి, చిన్న ఆపరేషన్ కావాలి | పైపు తీస్తే రంధ్రం మామూలుగా మూసుకుపోతుంది |
| కండోమ్ కాథెటర్ | మూత్రం దానంతటదే సరిగా ఖాళీ అయ్యే మగవాళ్లు | లోపలికి ఏమీ వెళ్లదు | ఊడిపోవడం, చర్మం పుండవడం, లోపలి ఒత్తిడి బయటికి తెలియకపోవడం | ఎప్పుడైనా |

చేతులు బాగుంటే విడతల వారీ కాథెటర్‌తోనే మొదలుపెట్టండి. ఇందులో నాకు అనుమానం లేదు. ప్రతిసారీ 500 మిల్లీలీటర్లు దాటకుండా టైమ్ సరిచూసుకోవాలి. నీళ్లు ఒకేసారి లీటరు తాగి నాలుగు గంటలు ఊరుకోకుండా రోజంతా సర్దుకుంటూ తాగాలి. మధ్యలో లీకవుతుంటే మూత్రాశయం బిగువు తగ్గించే మాత్రలున్నాయి. నోరు ఎండిపోవడం, మలబద్ధకం వాటి ఇబ్బంది. మాత్రలు చాలకపోతే మూత్రాశయంలో కండరాన్ని వదులు చేసే బొటాక్స్ ఇంజెక్షన్ ఇస్తారు. కొన్ని నెలలే పనిచేస్తుంది, మళ్లీ చేయించుకోవాలి. పేగు ముక్కతో మూత్రాశయాన్ని పెద్దది చేయడం, మూత్రద్వార కండరాన్ని కోసేయడం లాంటి ఆపరేషన్లు చివరి మెట్టు. వెనక్కి రాలేని దారులు కాబట్టి మూత్రాశయం లోపలి ఒత్తిడి కొలిచే యూరోడైనమిక్ పరీక్ష చేయకుండా వాటికి ఒప్పుకోవద్దు.

చేతులు ఆడనివాళ్లకు, పగలు ఒంటరిగా ఉండేవాళ్లకు సుప్రాప్యూబిక్ నా సలహా. రోజుకు ఐదు సార్లు ఎవరో రావాలని ఎదురుచూసే బతుకు కన్నా అది నయం. ఆడవాళ్లలో విడతల వారీ పద్ధతికి బట్టలు తీయడం, వీల్‌చైర్ నుంచి దిగడం కష్టమై చాలామంది మానేస్తారు. వాళ్లూ దీన్ని గట్టిగా ఆలోచించాలి.

కండోమ్ కాథెటర్ చూడటానికి అన్నిటికన్నా హాయిగా కనిపిస్తుంది. బ్యాగ్ నిండుతోంది కదా, అంతా బాగుందనుకుంటాం. లోపల మూత్రాశయం ముడుచుకుంటూ, ద్వారం కూడా అదే సమయంలో బిగుసుకుంటూ ఉంటే మూత్రం కిడ్నీల వైపు తన్నుతుంది. నొప్పి తెలియని ఒంట్లో ఇది కొన్నేళ్లు బయటపడకుండానే ఉంటుంది. పొట్ట నొక్కి మూత్రం పోయించడంలోనూ ఇదే ప్రమాదం. ఏ పద్ధతి పాటించినా ఏడాదికోసారి కిడ్నీలకు అల్ట్రాసౌండ్ చేయించాలి.

ఇంకో మాట. కాథెటర్ వాడేవాళ్ల మూత్రంలో బ్యాక్టీరియా దాదాపు ఎప్పుడూ ఉంటుంది. జ్వరం, చలి, కాళ్ల బిగువు పెరగడం, కొత్తగా లీకవడం లాంటివేమీ లేకుండా రిపోర్టు చూసి యాంటీబయాటిక్ వాడితే నిజంగా అవసరమైన రోజున మందు పనిచేయదు. మేం మొదటి రెండేళ్లు ఆ తప్పు చేశాం.

## ఆ రాత్రి జరిగింది

దెబ్బ తగిలిన మొదటి ఏడాది, అప్పటికింకా ఫోలీ ఉంది. రాత్రి రెండింటికి వాడు తల పగిలిపోతోందన్నాడు. ముఖం ఎర్రగా కందిపోయి, నుదుటి మీద చెమట ధారగా కారుతోంది. ఛాతీ కింద మాత్రం ఒళ్లు చల్లగా, రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. వాడి బీపీ మామూలుగా 100 పైన 60. మెషిన్ 180 చూపించింది. ఫోన్ చేస్తే, మేం వెళ్లే ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్నాయన "టెన్షన్ పడుతున్నాడు, నిద్రమాత్ర వేయండి" అన్నాడు. మాత్ర కోసం లేస్తూ దుప్పటి తీశాను. పైపు తొడ కింద నలిగి మడతపడి ఉంది. తీసి సరిచేయగానే బ్యాగ్‌లోకి 700 మిల్లీలీటర్లు వచ్చింది. పది నిమిషాల్లో తలనొప్పి పోయింది.

దాని పేరు ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా. టి6, అంతకు పైన దెబ్బ తగిలినవాళ్లకు వస్తుంది. కింద ఏదో బాధ పెడుతుంటే ఆ కబురు మెదడుకు చేరదు, రక్తనాళాలు మాత్రం ముడుచుకుని బీపీ ఎగబాకుతుంది. అలాగే వదిలేస్తే మెదడులో రక్తస్రావం కావచ్చు, ఫిట్స్ రావచ్చు. ఎక్కువసార్లు కారణం మూత్రాశయమే, తర్వాత పేరుకుపోయిన మలం. వెంటనే కూర్చోబెట్టి కాళ్లు కిందికి వేలాడదీయాలి, బెల్టు, సాక్సులు, షూలు వదులు చేయాలి, పైపు చూడాలి. దేనికీ తగ్గకపోతే బీపీ తగ్గించే మందు కావాలి, ఆస్పత్రికి పరుగెత్తాలి. అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ లాంటి మాత్ర ఈమధ్య వేసుకుని ఉంటే అక్కడ తప్పకుండా చెప్పాలి. కొన్ని బీపీ మందులు దాంతో కలిస్తే ప్రాణాంతకం. అన్ని ఆస్పత్రుల్లో అందరికీ ఈ పరిస్థితి తెలిసి ఉండదు కాబట్టి ఇదంతా రాసిన కార్డు ఇప్పుడు వాడి వీల్‌చైర్ జేబులో ఉంటుంది. టి6, అంతకు పైన దెబ్బ ఉన్నవాళ్లు మూత్రానికి ఏ పద్ధతి ఎంచుకున్నా, పైపు మూసుకుపోతే ఎవరు ఎంత త్వరగా చూస్తారు అన్నది కూడా చూసుకోవాలి.

## కాళ్లు బిగుసుకుపోవడం: మాత్ర, ఇంజెక్షన్, పంపు

ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ బిగువు ఇబ్బంది పెడుతోందా, పనికొస్తోందా? మా వాడు మంచం నుంచి వీల్‌చైర్‌లోకి జరిగేటప్పుడు కాళ్లు బిగిసి నిలబడటమే ఆసరా. మందు పెంచినప్పుడు కాళ్లు వేలాడిపోయి ఇద్దరం కింద పడబోయాం. ఉన్నట్టుండి బిగువు పెరిగితే మందు పెంచకముందు ఒళ్లంతా వెతకాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మొదలవుతున్న పుండు, వేలిలోకి దిగిన గోరు, ఏదైనా కావచ్చు. నొప్పి తెలియని ఒంటికి బిగువే అలారం.

ఒళ్లంతా బిగువుంటే బాక్లోఫెన్ లేదా టిజానిడిన్ మాత్రలతో మొదలుపెడతారు. మత్తు, నీరసం వాటితో వచ్చేవి. చదువుకునేవాళ్లకు, ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. ఒక్క మోకాలో, మడమో మాత్రమే పట్టేస్తే ఆ కండరానికే బొటాక్స్ నయం. దాని ప్రభావం మూడు నెలలకు అటూ ఇటూగా తగ్గిపోతుంది. మాత్రలు ఎంత పెంచినా చాలనివాళ్లకు పొట్ట చర్మం కింద పంపు పెట్టి వెన్నులోకి నేరుగా బాక్లోఫెన్ పంపుతారు. చాలా కొంచెం మందుతోనే పనవుతుంది, మత్తు తక్కువ. కానీ నింపించుకోవడానికి క్రమం తప్పకుండా వెళ్లాలి. బాక్లోఫెన్ మాత్రగా గానీ, పంపుగా గానీ హఠాత్తుగా ఆగితే తీవ్రమైన జ్వరం, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి తెస్తుంది. పంపు సంగతి తెలిసిన కేంద్రం దూరమైతే నేను దాని జోలికి పోను.

## పుండ్లు: పరుపు, కుషన్, కోత

మంచం మీద రెండు గంటలకోసారి పక్క మార్చడం, వీల్‌చైర్‌లో ప్రతి 15 నుంచి 30 నిమిషాలకు ముందుకు వంగి ఒకటి రెండు నిమిషాలు బరువు తీయడం. వీటికి బదులుగా ఏ ఖరీదైన కుషనూ పనిచేయదు. వీటికి తోడుగా ఎంచుకునేదే కుషన్. ఫోమ్ తేలిక, నిర్వహణ లేదు, కానీ కొంతకాలానికి అణిగిపోతుంది. జెల్ కూర్చోవడానికి నిలకడగా ఉంటుంది, బరువెక్కువ. గాలి కుషన్ ఒత్తిడిని బాగా పంచుతుంది, గాలి తగ్గితే మాత్రం బల్ల మీద కూర్చున్నట్టే. మేం రోజూ పొద్దున వాడు కూర్చున్నాక కుషన్‌కూ పిరుదు ఎముకకూ మధ్య చెయ్యి దూర్చి చూస్తాం. ఎముక కింద ఓ వేలి మందం గాలి ఉండాలి.

చర్మం కందిన చోట వేలితో నొక్కి వదలండి. నొక్కినా ఎరుపు తెల్లబడకుండా అలాగే ఉండిపోతే అది పుండు మొదలు. ఛాయ తక్కువ ఒంటి మీద ఎరుపు కనపడదు. చుట్టుపక్కల కన్నా వేడిగా, గట్టిగా, నల్లగా ఉందేమో తడిమి చూడాలి. అప్పుడే ఆ చోటి మీద బరువు పూర్తిగా తీసేస్తే కొద్ది రోజుల్లో మానుతుంది. కండ వరకూ, ఎముక వరకూ దిగితే డ్రెస్సింగ్‌తో నెలలు పడుతుంది, లేదా పక్క కండను తిప్పి మూసే ఫ్లాప్ ఆపరేషన్ కావాలి. ఆ ఆపరేషన్ తర్వాత వారాల తరబడి దాని మీద కూర్చోకూడదు. ఇంట్లో అలా పడుకోబెట్టి చూసుకునే మనుషులు లేకపోతే కుట్లు మళ్లీ ఊడతాయి. చేయించుకునే ముందు ఆ ఏర్పాటు చేసుకోండి.

## కొత్త వైద్యాలు: ఆశ ఎక్కడ పెట్టాలి

స్టెమ్ సెల్స్ (మూలకణాల) గురించి రోజూ ఎవరో ఒకరు వీడియో పంపుతారు. జపాన్ 2018లో ఒక స్టెమ్ సెల్ చికిత్సకు షరతులతో అనుమతి ఇచ్చిన మాట నిజం. ఆధారాలు చాలవని శాస్త్రవేత్తలు చాలామంది అభ్యంతరం చెప్పిన మాటా నిజమే. డబ్బు కట్టించుకుని ఇంజెక్షన్ ఇచ్చేచోటికి వెళ్లొద్దు. సరైన పరిశోధనలో పాల్గొనేవాళ్లను చికిత్స ఖరీదు అడగరు. పైగా ఒకసారి లోపలికి పంపిన కణాలను వెనక్కి తీయలేం. వెన్నులో గడ్డలు పెరిగిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

కరెంటుతో ప్రేరేపించే పద్ధతులు కొంచెం గట్టి నేల మీద ఉన్నాయి. 2024 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఆర్క్-ఈఎక్స్ అనే పరికరానికి అనుమతి ఇచ్చింది. మెడ దగ్గర పాక్షికంగా దెబ్బతిన్నవాళ్ల చేతుల కోసం చర్మం మీద నుంచే పనిచేస్తుంది, కోత లేదు, ఫిజియోతో కలిపి వాడాలి. వెన్నులో ఎలక్ట్రోడ్లు అమర్చే పద్ధతితో కొందరు అడుగులు వేశారు కానీ అది ఇంకా పరిశోధనలోనే ఉంది. నడిపించే రోబో సూట్‌లు నిలబడిన ఆనందం ఇస్తాయి. ఎముకలు గుల్లబారినవాళ్లకు విరిగే ప్రమాదం ఉంది కాబట్టి ముందు ఎముకల సాంద్రత పరీక్ష చేయించాలి.

వీటన్నిటి హడావుడిలో ఎవరూ మాట్లాడనిది చేతుల ఆపరేషన్. సి5, సి6 దగ్గర దెబ్బతిన్న మనిషికి పనిచేస్తున్న కండర బంధనాన్ని (టెండన్‌ను) పనిచేయని చోటికి మార్చి కుడితే మోచెయ్యి చాపడం, బొటనవేలితో పట్టుకోవడం వస్తాయి. స్పూన్ పట్టుకోవడం, తన కాథెటర్ తానే వేసుకోవడం కొందరికి సాధ్యమవుతాయి. అంటే పైన చెప్పిన మూత్రం లెక్కంతా మారిపోతుంది. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు ఉన్న బలం కూడా వాడకూడదు, పూర్తిగా ఇంకొకరి మీద ఆధారపడాలి. బంధనం మార్చడం ఏళ్ల తర్వాతైనా చేయవచ్చు. నరాన్నే మార్చి కలిపే పద్ధతికి మాత్రం గడువుంది. కొన్ని కండరాలకు ఆరు నెలల నుంచి ఏడాది లోపే చేయాలి, ఆలస్యమైతే నరం చేరేసరికి కండ ఎండిపోతుంది. మెడ దెబ్బ అయితే మొదటి మూడు నెలల్లోనే చేతుల సర్జన్‌ను చూపించమని అడగండి. మీరు అడగకపోతే చాలాచోట్ల వాళ్లు చెప్పరు.